నా ఐస్‌బర్గ్ నిలువుగానే తేలుతోంది, ఎక్కడ తప్పు చేశాను? (డిగ్రీ ప్రాజెక్టు)

తీరం_పిల్ల · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం, కంప్యూటర్స్. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. ఈ సెమిస్టర్‌లో పర్యావరణం, కంప్యూటర్ నెట్‌వర్క్స్, వెబ్ ప్రోగ్రామింగ్ మూడూ ఒకేసారి వచ్చాయి. మూడింటినీ కలిపి ఒకే ప్రాజెక్టు చేస్తే మూడింట్లోనూ మార్కులు వేస్తామన్నారు మేడం. నేను ఐస్‌బర్గ్ తీసుకున్నాను.

వెబ్ పేజీలో వేలితో ఐస్‌బర్గ్ బొమ్మ గీస్తే అది నీళ్లలో పడి తేలాలి. మేడం తన ల్యాప్‌టాప్‌లో గీస్తే ల్యాబ్‌లో ఉన్న 40 ఫోన్లలోనూ అప్పుడే తేలుతూ కనబడాలి. ఇదీ నా ఆలోచన.

సగం అయింది. గీసిన బొమ్మ వైశాల్యంలో 90 శాతం మునిగేదాకా కిందికి దిగి ఆగుతుంది. కానీ పుస్తకాల్లో ఉండే బొమ్మే (పైన చిన్న శిఖరం, కింద ముల్లంగి దుంపలా పొడుగ్గా) గీస్తే నా పేజీలో అలాగే నిలువుగా నిలబడిపోతోంది. జాషువా టాబరర్ అనే ఆయన చేసిన ఐస్‌బర్గర్ అనే పేజీ ఒకటి చూశాను. అందులో అదే బొమ్మ గీస్తే పక్కకి పడిపోయి, పడుకుని తేలుతోంది. ఎవరిది కరెక్ట్? నాదే తప్పయితే ఎక్కడ తప్పు?

ఇంకోటి. ఫోన్లలో ఐస్‌బర్గ్ జారుతూ దిగడం లేదు, గెంతుతూ దిగుతోంది. పది ఫోన్లు కలిస్తే ల్యాబ్ వైఫై మొత్తం ఆగిపోతోంది. వచ్చే సోమవారం డెమో. చాలా టెన్షన్‌గా ఉంది.

తెనాలి_మాస్టారు · సోమవారం, రాత్రి 10:05

అమ్మాయీ, ఆ పేజీయే కరెక్ట్. నువ్వు చేసింది తప్పు లెక్క కాదు, సగం లెక్క. ఎంత మునగాలో చూశావు, ఎలా మునగాలో చూడలేదు.

మంచు సాంద్రత ఘనమీటరుకు సుమారు 917 కిలోలు. సముద్రపు నీటిది సుమారు 1025. భాగిస్తే 0.895 వస్తుంది. పదింట తొమ్మిది వంతులు నీటి కింద అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే. అంతవరకూ నీ పేజీ బాగానే ఉంది.

ఇప్పుడు రెండు బిందువులు పెట్టుకో. ఒకటి మొత్తం ముక్కకి గరిమనాభి, బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్క. రెండోది మునిగిన భాగానికి మాత్రమే మధ్యబిందువు, దాన్ని ఉత్ప్లవన కేంద్రం అంటాం. మొదటిదాని దగ్గర బరువు కిందికి లాగుతుంది. రెండోదాని దగ్గర నీరు పైకి తోస్తుంది. రెండూ ఒకే నిలువు గీత మీద ఉన్నంతసేపు ముక్క కదలదు. ఒక చిన్న అల వచ్చి కాస్త ఒరిగించిందనుకో. మునిగిన భాగం ఆకారం మారుతుంది, రెండో బిందువు పక్కకి జరుగుతుంది. ఇప్పుడా రెండు బలాలూ కలిసి ముక్కని తిరిగి నిలబెడతాయా, ఇంకా పడగొడతాయా? వెడల్పుగా ఉన్నదాన్ని నిలబెడతాయి. సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని పడగొడతాయి.

‘కింద బరువెక్కువ ఉంది కదా, నిలబడదా’ అని చాలామంది పిల్లలు అడుగుతారు. పడవ అడుగున సీసం వేస్తే నిలబడుతుంది. ఎందుకంటే సీసం బరువు వేరు, చెక్క బరువు వేరు. మంచు పైనుంచి కిందిదాకా ఒకటే మంచు.

నమ్మకం కుదరకపోతే ఈ రాత్రే చెయ్యి. పొడుగు స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టు. పొద్దున్న గ్లాసు బయట కాస్త గోరువెచ్చని నీళ్లు పోస్తే మంచు జారి వస్తుంది. బకెట్లో పది లీటర్ల నీళ్లకి 350 గ్రాముల కల్లుప్పు కలుపు, అదే సముద్రపు ఉప్పదనం. మంచు ముక్కని నిలువుగా పట్టుకుని వదులు.

డెక్_మీద · సోమవారం, రాత్రి 11:30

నేను విశాఖవాణ్ణి. సరుకు ఓడల మీద ముప్పై ఏళ్లు పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను. ఈ ప్రశ్న చూసి నిద్ర పట్టలేదు, రాస్తున్నాను.

న్యూఫౌండ్‌లాండ్‌కి ఉత్తరాన బెల్ ఐల్ అని జలసంధి ఉంది. సెయింట్ లారెన్స్ నది నుంచి యూరప్ వెళ్లే ఓడలు ఎండాకాలం అటే వెళ్తాయి. జూన్‌లో అక్కడ నేను మొదటిసారి ఐస్‌బర్గ్‌ని చూశాను. అవి గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో హిమానీనదాల నుంచి విరిగిపడి, బాఫిన్ అఖాతం చుట్టూ తిరిగి, లాబ్రడార్ ప్రవాహంలో దక్షిణానికి వస్తాయి. అంత దూరం రావడానికి ఏళ్లు పడుతుంది.

నాకు గుర్తుండిపోయింది దాని ఎత్తు కాదమ్మా, దాని ఒంటి మీద గీతలు. అలలు కొట్టి కొట్టి నీటి మట్టం దగ్గర మంచు కరిగి ఒక గాడి పడుతుంది, మా వాళ్లు పాత నీటిగీత అంటారు. నేను చూసినదానికి అలాంటి గీతలు మూడు ఉన్నాయి. ఒకటి నీటికి సమంగా ఉంది. ఒకటి బాగా వాలుగా పైకెళ్లింది. ఇంకొకటి దాదాపు నిలువుగా ఉంది. అంటే అప్పటికే రెండుసార్లు ఒరిగిందన్నమాట. కరిగేకొద్దీ ఆకారం మారుతుంది, మాస్టారు చెప్పిన రెండు బిందువులూ మారతాయి, ఒకరోజు హఠాత్తుగా బోర్లా పడుతుంది. అందుకే ఏ కెప్టెనూ దాని దగ్గరికి పోడు.

పెద్దవాటికంటే మాకు భయం చిన్నవాటితోనే. నీటిపైన ఒక మీటరు కూడా కనబడనివాటిని గ్రౌలర్లు అంటారు. అలల మధ్య రాడార్‌కి సరిగ్గా దొరకవు.

వీలైతే నీ బొమ్మ మీద పాత నీటిగీత కూడా గియ్యి. ఐస్‌బర్గ్ ఒరిగినప్పుడు ఆ గీత కూడా దాంతోపాటే వాలాలి.

వైరు_చివర · మంగళవారం, ఉదయం 6:50

హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. రెండో సమస్య నాకు వదిలెయ్. ముందు మూడు విషయాలు చెప్పు. సర్వర్ ఎక్కడుంది? ల్యాప్‌టాప్ నుంచి ఫోన్లకి ఏం పంపిస్తున్నావు, ఎన్నిసార్లు పంపిస్తున్నావు? ల్యాబ్ నుంచి ఆ సర్వర్‌కి పింగ్ కొడితే ఎంత వస్తోంది?

పింగ్ కొట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకో, నీ ప్రాజెక్టుకి పనికొస్తుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఐస్‌బర్గ్‌ని గుద్దుకుంది. దాంతో నీటిలోకి శబ్దం పంపి, అది ఐస్‌బర్గ్‌కి తగిలి వెనక్కి వచ్చేదాకా పట్టే సమయాన్ని బట్టి దూరం కనిపెట్టవచ్చా అని చాలామంది ప్రయత్నించారు. 1914 ఏప్రిల్‌లో రెజినాల్డ్ ఫెసెండెన్ న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి గ్రాండ్ బ్యాంక్స్‌లో, మయామీ అనే అమెరికా గస్తీ ఓడ మీది నుంచి చేసి చూపించారు. సుమారు రెండు మైళ్ల దూరంలో ఉన్న ఐస్‌బర్గ్ నుంచి ప్రతిధ్వని వచ్చింది. తర్వాత సోనార్ అన్నది ఇలాంటి ప్రయోగాల నుంచే ఎదిగింది.

1983 డిసెంబర్‌లో మైక్ మస్ అనే ప్రోగ్రామర్ తన నెట్‌వర్క్‌లో ఏదో తేడా ఉందని ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. అవతలి కంప్యూటర్‌కి ఒక పాకెట్ (సమాచారపు చిన్న ముక్క) పంపి, అది తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో కొలుస్తుంది. సోనార్ శబ్దాన్ని బట్టి దానికి పింగ్ అని పేరు పెట్టారు. ఆ పాకెట్ల పేర్లు కూడా ఎకో రిక్వెస్ట్, ఎకో రిప్లయ్. ఐస్‌బర్గ్ కోసం మొదలైన ఆలోచన ఇప్పుడు నీ ల్యాబ్‌లో నల్ల స్క్రీన్ మీద ఉంది. దీని గురించి మీ మేడంకి తప్పకుండా చెప్పు.

తీరం_పిల్ల · మంగళవారం, సాయంత్రం 5:20

మాస్టారూ, చేశాను! అమ్మ ఉప్పు డబ్బా ఖాళీ అయిందని కోప్పడింది గానీ తనూ వచ్చి చూసింది. నిలువుగా పట్టుకుని వదిలిన వెంటనే మెల్లగా ఒరిగి పడుకుంది. మళ్లీ నిలబెట్టాను, మళ్లీ పడుకుంది. ఐదుసార్లూ అంతే. వేళ్లు తిమ్మిరెక్కాయి. పుస్తకంలో బొమ్మ తప్పని నా చేత్తో తెలిసింది.

డెక్ మీద గారూ, నీటిగీత తప్పకుండా పెడతాను. మా తాత చేపల వేటకి వెళ్లేవారు, పడవ పక్కల మీద అలాంటి గీతే ఉంటుంది.

అక్కా, మీరడిగినవి. సర్వర్ ఫ్రీగా దొరికింది తీసుకున్నాను, అమెరికా తూర్పు తీరం అని చూపిస్తోంది. ల్యాబ్ నుంచి పింగ్ 236 మిల్లీసెకన్లు. కాన్వాస్ (పేజీలో బొమ్మ గీసే చోటు) మీది బొమ్మ మొత్తాన్ని పీఎన్‌జీ ఫైలు చేసి సెకనుకోసారి సర్వర్‌కి పంపిస్తున్నాను. ఒక్కో ఫైలు దాదాపు 400 కేబీ. ప్రతి ఫోనూ సెకనుకోసారి ‘కొత్తది వచ్చిందా’ అని అడుగుతుంది.

వైరు_చివర · మంగళవారం, రాత్రి 8:15

ఇదీ జబ్బు. లెక్క చూడు. ఒక్కో ఫోనుకి సెకనుకి 400 కేబీ అంటే 40 ఫోన్లకి 16 ఎంబీ. బిట్లలో చెప్తే సెకనుకి 128 మెగాబిట్లు. ఒక్క వైఫై పెట్టె 40 మందికి పంచుతూ అంత మొయ్యడం కష్టం. పైగా ఫైలు ఒకే ముక్కగా పోదు. మామూలుగా ఒక పాకెట్ 1500 బైట్లు దాటదు, కాబట్టి ఒక్కో బొమ్మా దాదాపు 275 పాకెట్లు అవుతుంది. వాటిలో ఒకటి పోయినా టీసీపీ (పాకెట్లన్నీ వరుసగా చేరేలా చూసే పద్ధతి) దాన్ని మళ్లీ తెప్పించుకునేదాకా వెనకవన్నీ ఆగాలి. అందుకే నీ ఐస్‌బర్గ్ గెంతుతోంది.

బొమ్మ పంపకు. గీతలోని బిందువులు పంపు. 200 బిందువులు, ఒక్కోదానికి రెండు అంకెలు, మొత్తం రెండు కేబీ. అంటే రెండు పాకెట్లు. అదీ ఒక్కసారే. బొమ్మ గీసుకోవడం ఫోన్లే చూసుకుంటాయి.

236 మిల్లీసెకన్లలో నీ తప్పేం లేదు. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన దగ్గర్నుంచి అమెరికా తూర్పు తీరం తిన్నగా కొలిచినా 13,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పోయి రావాలంటే 26,000, అంటే ఎంత గొప్ప యంత్రాలున్నా 130 మిల్లీసెకన్లు తప్పవు. కేబుళ్లు తిన్నగా ఉండవు, సముద్రం అడుగున చుట్టు తిరిగి పోతాయి. మేడం, పిల్లలు అందరూ ఒకే గదిలో ఉన్నప్పుడు బొమ్మ అమెరికా వెళ్లి రావడం దేనికి? సర్వర్‌ని ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ మీదే నడుపు.

కోడు_గూడు · మంగళవారం, రాత్రి 9:40

బెంగళూరులో వెబ్ డెవలపర్‌ని. ‘కొత్తది వచ్చిందా’ అని మాటిమాటికీ అడిగే పద్ధతి కూడా తీసెయ్. వెబ్‌సాకెట్ వాడు. ఒకసారి కలిపితే ఫోన్ కాల్‌లా లైను తెరిచే ఉంటుంది, ఎటువైపు నుంచైనా ఎప్పుడైనా మాట్లాడొచ్చు.

ఈ మార్పు ఎంత పెద్దదో మీ వయసు వాళ్లకి తెలియాలని నాకు కోరిక. మొదట్లో వెబ్ అంటే కాగితం. లింక్ నొక్కితే ఇంకో కాగితం వచ్చేది. ఫారం నింపి బటన్ నొక్కితే పేజీ మొత్తం తెల్లబోయి మళ్లీ వచ్చేది. 1995 మేలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం రాశారు, పేజీ లోపలే ఏదో ఒకటి కదలడం మొదలైంది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చినప్పుడు నేను నెట్ సెంటర్‌లో మౌస్‌తో పటాన్ని పట్టుకుని లాగాను. పేజీ మారకుండా పక్క ఊరు వచ్చేసింది. గంటకి పదిహేను రూపాయలు ఇచ్చి, రెండు గంటలూ ఆ పటాన్ని లాగుతూనే కూర్చున్నాను. వెబ్‌సాకెట్ 2011 డిసెంబర్‌లో ప్రమాణంగా స్థిరపడింది. నువ్వు ఒక సాయంత్రంలో చేసేది చెయ్యడానికి మాకు అప్పట్లో దారే లేదు.

ఐస్‌బర్గర్ కూడా అలా పుట్టిందే. 2021 ఫిబ్రవరిలో మేగన్ థాంప్సన్-మన్సన్ అనే హిమానీనదాల పరిశోధకురాలు ట్విట్టర్‌లో ఒక విన్నపం పెట్టారు. ఐస్‌బర్గ్‌లని అవి నిజంగా తేలే తీరులో గియ్యండి అని, చేత్తో గీసిన బొమ్మలతో సహా. అది చూసి టాబరర్ ఆ పేజీ చేశారు. బొమ్మ తప్పని వందసార్లు చెప్పినా మనిషి మర్చిపోతాడు. తన వేలితో గీసింది తన కళ్లముందే పడిపోతే మర్చిపోడు.

సూటిగా_ఒకమాట · బుధవారం, ఉదయం 7:30

అందరూ అమ్మాయికి కష్టం పెంచుతున్నారు. వారంలో డెమో. పరీక్షలో ముల్లంగి బొమ్మే గియ్యాలి, దానికే మార్కులు. ఎన్నో స్లైడ్లలో ‘మనం చూసే వెబ్ పది శాతం, నీటి కింద తొంభై శాతం’ అని అదే బొమ్మ ఉంటుంది. ఆ స్లైడ్ ఒకటి పెడితే ఐస్‌బర్గ్, నెట్‌వర్క్, వెబ్ మూడూ కలిసిపోతాయి. ఉపమానం కోసం గీసిన బొమ్మ ఒరిగితే ఏంటి, ఒరగకపోతే ఏంటి?

తెనాలి_మాస్టారు · బుధవారం, ఉదయం 8:10

మీ ఆందోళన అమ్మాయి మంచికే అని అర్థమవుతోంది. కానీ ఆ పిల్ల ఐదుసార్లు బకెట్లో వేసి చూసింది. చేతికి తెలిసిన తర్వాత కాగితం మీద వేరేలా గియ్యమని నేను చెప్పలేను. పరీక్షలో పడుకున్న ఐస్‌బర్గ్ గీసి పక్కన ఒక వాక్యంలో కారణం రాస్తే మార్కులు తగ్గించే మాస్టారు ఎవరూ ఉండరని నా నమ్మకం.

వైరు_చివర · బుధవారం, ఉదయం 9:00

పది, తొంభై మాట గురించి. సెర్చ్‌లో దొరకని వెబ్ ఉన్న మాట నిజమే. నీ మెయిలు, నీ బ్యాంకు ఖాతా పేజీ, కాలేజీ మార్కుల డేటాబేస్ అన్నీ అందులోవే, పాస్‌వర్డ్ వెనక ఉంటాయి. అందులో రహస్యం, భయం ఏమీ లేదు. కానీ దాన్ని ఎవరూ సరిగ్గా తొంభై శాతం అని కొలవలేదు. మంచుకి ఆ అంకె సాంద్రత నుంచి వచ్చింది. వెబ్‌కి ఎక్కణ్ణుంచి వచ్చింది? బొమ్మ నుంచి. అంకె పెట్టకుండా చెప్తే నాకేం అభ్యంతరం లేదు.

మంచుకీ నెట్‌వర్క్‌కీ నిజమైన సంబంధం కావాలంటే రెండు చెప్తాను. 2023 జూన్‌లో అలాస్కా ఉత్తర తీరం దగ్గర సముద్రపు మంచు నేలని గీరుకుంటూ వచ్చి అడుగునున్న ఫైబర్ కేబుల్‌ని తెంపేసింది. బాగుచెయ్యడానికి సెప్టెంబర్ దాకా పట్టింది, అప్పటివరకూ అక్కడి ఊళ్లకి నెట్ కష్టాలే. రెండోది మన ఇంటి పక్కదే. అంటార్కిటికాకి సముద్రం అడుగున కేబుల్ లేదు, ఏ సమాచారం రావాలన్నా ఉపగ్రహాల మీదే. అక్కడ మన భారతి పరిశోధన కేంద్రంలో ఇస్రో వాళ్ల యాంటెన్నా 2013 నుంచి ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాలు తీసిన చిత్రాలని అది అందుకుని, మళ్లీ ఉపగ్రహం ద్వారానే షాద్‌నగర్‌లోని ఇస్రో కేంద్రానికి పంపిస్తుంది. హైదరాబాద్ నుంచి గంటన్నర దూరం. ఆ రోడ్డు మీద ఎప్పుడు వెళ్లినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సూటిగా_ఒకమాట · బుధవారం, ఉదయం 10:20

షాద్‌నగర్ సంగతి నాకు తెలియదు. మా అత్తగారి ఊరు అటే. ఆ స్లైడ్ వద్దులెండి, ఈ రెండూ పెట్టమనండి.

తీరం_పిల్ల · గురువారం, రాత్రి 10:45

బిందువులు పంపడం, వెబ్‌సాకెట్ రెండూ అయ్యాయి. సర్వర్ ల్యాబ్ కంప్యూటర్ మీదే, పింగ్ 4 మిల్లీసెకన్లు! 25 ఫోన్లతో చూశాం, వైఫై ఆగలేదు.

కానీ ఒరిగే లెక్క పెట్టాక కొత్త సమస్య. వైశాల్యం, మధ్యబిందువు బాగానే వస్తున్నాయి, కాగితం మీద కూడా చేసి చూశాను. రెండు బిందువుల మధ్య అడ్డదూరాన్ని బట్టి తిప్పుతున్నాను. ముల్లంగి బొమ్మ ఇప్పటికీ నిలువుగానే ఉంది. పలకలా వెడల్పుగా గీసింది మాత్రం మెల్లగా లేచి నిటారుగా నిలబడుతోంది! అన్నీ తలకిందులుగా జరుగుతున్నాయి. మూడు గంటలుగా చూస్తున్నాను, ఏడుపొస్తోంది.

తెనాలి_మాస్టారు · గురువారం, రాత్రి 11:05

ఏడవకు తల్లీ, ఇది చాలా మంచి తప్పు. నీ లెక్క అంతా సరిగ్గా ఉండి ఒక్క గుర్తు తారుమారైతేనే ఇలా వస్తుంది. నిలకడగా ఉండాల్సింది పడిపోవడం, పడిపోవాల్సింది నిలకడగా ఉండడం. తిప్పే బలం దిశ తిరగబడింది.

కోడు_గూడు · గురువారం, రాత్రి 11:12

దొరికింది. నువ్వు కాగితం మీద చేసినప్పుడు వై (నిలువు కొలత) పైకి పెరుగుతుంది. కాన్వాస్‌లో వై కిందికి పెరుగుతుంది, సున్నా పైన ఎడమ మూల. కాబట్టి నీ లెక్కలో ధన కోణం అంటే గడియారానికి ఎదురు తిరగడం, కాన్వాస్‌లో ధన కోణం అంటే గడియారం తిరిగే వైపే. తిప్పే వరుసలో ఒక మైనస్ పెట్టు. ఇంకేం ముట్టుకోకు.

ఇంకో రెండు మాటలు కూడా. నీటి రాపిడి కాస్త పెట్టు, లేకపోతే ఐస్‌బర్గ్ ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ప్రతి ఫ్రేముకి ఇంత అని తిప్పకు, గడిచిన సమయాన్ని బట్టి తిప్పు. కొన్ని ఫోన్లు సెకనుకి 60 సార్లు గీస్తాయి, కొన్ని 120 సార్లు. ఫ్రేముల లెక్కన తిప్పితే ఖరీదైన ఫోన్లో ఐస్‌బర్గ్ రెండింతలు వేగంగా పడుతుంది.

తీరం_పిల్ల · గురువారం, రాత్రి 11:31

పడింది!!! ముల్లంగి పడింది, పలక పడుకునే ఉంది. ఒక్క మైనస్!! చప్పుడు విని అమ్మ లేచి వచ్చింది. మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

డెక్_మీద · శుక్రవారం, ఉదయం 5:40

శుభం. పలక మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అంటార్కిటికాలో విరిగేవి ఎక్కువగా పలకలే. ఏ23ఏ అని ఒకటి 1986లో విరిగింది. వెడెల్ సముద్రంలో నేలకి తట్టుకుని ముప్పై ఏళ్లకి పైగా కదలకుండా ఉండిపోయింది. 2020 ప్రాంతంలో కదిలి, 2023లో బయటికొచ్చి, 2025 మార్చిలో సౌత్ జార్జియా దీవి దగ్గర మళ్లీ తట్టుకుంది. ఆ తర్వాత ముక్కలవుతూ వచ్చింది. బయల్దేరినప్పుడు గోవా రాష్ట్రం కంటే పెద్దది. మందం వందల మీటర్లే గానీ వెడల్పు పదుల కిలోమీటర్లు, అలాంటిది ఎలా బోర్లా పడుతుంది? నీ పేజీలో పలక గీసి పక్కన దాని పేరు రాయి.

నీటిగీత మర్చిపోకు.

వైరు_చివర · శుక్రవారం, మధ్యాహ్నం 1:15

డెమోకి ముందు ఒక జాగ్రత్త. ఇప్పుడు ప్రతి ఫోనూ ఒరిగే లెక్క సొంతంగా చేస్తోంది. ఆలస్యంగా కలిసిన ఫోన్లో ఐస్‌బర్గ్ ఇంకా పడుతూ ఉంటే, పక్క ఫోన్లో ఎప్పుడో పడిపోయి ఉంటుంది. లెక్క మేడం ల్యాప్‌టాప్ ఒక్కటే చెయ్యాలి. సెకనుకి పదిసార్లు మూడే అంకెలు పంపాలి, అడ్డం, నిలువు, కోణం. వరుస నంబరు కూడా పెట్టు. ఫోనుకి ఒకేసారి నాలుగు వస్తే పాతవి వదిలేసి చివరిది తీసుకోవాలి. రెండు అంకెల మధ్య కదలికని ఫోన్లే నింపుకుంటాయి, కంటికి తేడా తెలియదు.

తీరం_పిల్ల · సోమవారం, సాయంత్రం 6:30

డెమో అయింది. 38 ఫోన్లు కలిశాయి. మేడం ముందు ముల్లంగి గీశారు. అందరి చేతుల్లోనూ ఒకేసారి ఒరిగింది. గదంతా ఒక్కసారి ‘ఓ’ అంది. పాత నీటిగీత వాలుగా పైకి లేవడం చూసి మేడం అదేంటని అడిగారు. డెక్ మీద గారు చెప్పినట్టే చెప్పాను. ఫెసెండెన్, పింగ్ సంగతి చెప్తుంటే ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ వాళ్ల ఫోన్ల నుంచి పింగ్ కొట్టి చూసుకున్నారు. షాద్‌నగర్ గురించి ఒకమ్మాయి రెండుసార్లు అడిగింది.

చివర్లో ఒక జూనియర్ అబ్బాయి ఇంగ్లీషు ఎనిమిది అంకె గీశాడు. 38 ఫోన్లలోనూ ఐస్‌బర్గ్ మాయమైపోయింది. మేడం ఏమీ అనలేదు, పైగా ఎందుకో కనుక్కొమ్మన్నారు. ఎందుకండీ?

తెనాలి_మాస్టారు · సోమవారం, రాత్రి 7:50

నీ వైశాల్యం సూత్రం గీత తిరిగే దిశని బట్టి గుర్తు ఇస్తుంది. ఎనిమిదిలో పై సున్నా ఒక వైపు తిరుగుతుంది, కింది సున్నా ఇంకో వైపు. ఒకటి ధనం, ఒకటి రుణం, కలిపితే సున్నాకి దగ్గర. మధ్యబిందువు కోసం ఆ సున్నాతోనే భాగిస్తున్నావు కదా, అది స్క్రీన్ దాటి ఎక్కడికో పోయి ఉంటుంది.

కోడు_గూడు · సోమవారం, రాత్రి 8:20

గీస్తున్నప్పుడే, కొత్త గీత పాత గీతని దాటుతోందేమో ప్రతిసారీ చూడు. దాటిన చోటే బొమ్మని మూసెయ్, మిగతాది వదిలెయ్. ఎనిమిది గీస్తే ఒక సున్నా మాత్రం తేలుతుంది. పిల్లవాడు తను గీసింది ఎందుకు సగమైందని అడుగుతాడు, అప్పుడు చెప్పొచ్చు.

తీరం_పిల్ల · సోమవారం, రాత్రి 8:34

రేపు ల్యాబ్ తెరవగానే చేస్తాను. ఆ అబ్బాయిని కూడా రమ్మన్నాను, మళ్లీ ఎనిమిది గియ్యడానికి.

డెక్ మీద గారూ, ఒకటి అడగడం మర్చిపోయాను. ఐస్‌బర్గ్ దగ్గర ఏమైనా చప్పుడు వినబడుతుందా? పేజీలో శబ్దం పెడదామని ఉంది.

డెక్_మీద · సోమవారం, రాత్రి 9:05

వినబడుతుందమ్మా. వేల ఏళ్ల కిందటి మంచులో గాలి బుడగలు ఒత్తిడితో బిగుసుకుని ఉంటాయి. కరిగేటప్పుడు ఒక్కొక్కటీ పగులుతుంది. ఒకసారి ఓడరేవులో మావాళ్లు చిన్న ముక్క పట్టుకొచ్చి స్టీలు గిన్నెలో వేస్తే చెవి పెట్టి విన్నాను. గోలీసోడా కొట్టాక గ్లాసులో పోస్తే వస్తుంది చూడు, ఆ చిటచిట. గిన్నెలో మంచు అయిపోయేదాకా ఆగలేదు. మీ ఊళ్లో గోలీసోడా దొరికితే ఫోన్ దగ్గర పెట్టి రికార్డు చేసుకో.